చేపల మంచు

ఆగస్టు వస్తే మా ముర్సియా తీరంలో
నీడకు కూడా చెమట పడుతుంది.
అందుకే తెల్లారకముందే ఫెర్మీన్
రేవులో చేపలవాళ్ళను బతిమాలి మంచు తెస్తాడు.
పెరటి తొట్టిలో కుమ్మరిస్తే
సార్డీన్ వాసన కొట్టే ఆ ఉత్తరధ్రువం మీద
ఏడో హస్కీ పొట్ట ఆనించి పడుకుంటుంది.

పేరు సెనీసా, అంటే బూడిద.
ఒక కన్ను నీలం. రెండోదాంట్లో పాలు విరిగినట్టు పొర.
ముచ్చటపడి కొన్నవాళ్ళు
ఐదో అంతస్తు బాల్కనీలో రెండు వేసవులు కట్టేశారట.
వచ్చిన కొత్తలో
గొలుసు ఎంత పొడవుండేదో అంతే నడిచి
ఆగిపోయేది,
మెడలో గొలుసు లేకపోయినా.

ముందరి ఆరూ చలికొండల ఇళ్ళకు వెళ్ళిపోయాయి.
వెళ్ళిన ప్రతిసారీ "ఇక చాలు" అన్నది నేనే.
సూపులో బొచ్చు, ప్రార్థన పుస్తకంలో బొచ్చు,
నిమ్మచెట్టు కింద మనిషి పట్టేంత గొయ్యి.
"ఎవర్ని పూడుస్తావే?" అని గోడమీంచి ఎన్‌కార్నా.

నిన్న రాత్రి గూడ్సు బండి కూత వేసింది.
సెనీసా లేచింది. మెడ ఎత్తింది.
నాలుగు నెలల్లో మొదటిసారి గొంతు విప్పింది.
ముప్పై ఏళ్ళు ఆ బండి నడిపిన మనిషి
మంచం మీద కూర్చుని
తనూ బదులు కూశాడు, పిచ్చి మారాజు.

ఫ్రిజ్‌కు అంటించిన సంరక్షణ కాగితంలో
తిరిగి అప్పగించే తేదీ దగ్గర
ఇన్నాళ్ళూ ఖాళీ.
పొద్దున చూస్తే ఆయన కోడిగీతలు:
"మంచు, రోజుకు రెండు బుట్టలు. అక్టోబరు దాకా.
వచ్చే ఏడాదికి కూడా చెప్పి ఉంచాలి."