అయినా

రేకుల కప్పు మీద మరబూ కొంగలు నడుస్తుంటే
పైన ఎవరో కుర్చీలు జరుపుతున్నట్టుంటుంది.
విక్టోరియా సరస్సు మీంచి వచ్చే గాలి
నా సుద్దపొడిని నా మొహానికే కొడుతుంది.

బోర్డు మీద రాశాను:
బడి పిల్లలు రాత్రి వేటకు వెళ్ళకూడదు.
అవునో కాదో తేల్చండి. రెండు పేజీలు.

అపోండి లేచింది.
"అవును టీచర్, అది తప్పు."
ఎందుకు తప్పు?
"తప్పు కాబట్టి."
తరగతంతా నవ్వింది. నేను నవ్వలేదు.
నా ఇంట్లో నా వాదనలు సగం
అక్కడే ఆగిపోయేవి.

చెప్పాను:
గొంతు పెంచితే మాట బరువెక్కదు.
సంతలో ఒమెనా చేపలమ్మే రోసెలిదాని చూడండి.
డబ్బా నిండాక పైన ఇంకో గుప్పెడు పోస్తుంది.
కొనేవాడు నోరు తెరవకముందే
ఒక చేపను ఫెళ్ళున విరిచి చూపిస్తుంది,
తడి లేదని.
అనుమానం ఇంకా వాడి గొంతులో ఉండగానే
జవాబు వాడి అరచేతిలో ఉంటుంది.

ఇంకో మాట.
ఎదుటివాడి పక్షం కూడా మీరే రాయాలి.
వాడు చదివి,
ఇంత బాగా నేనే చెప్పలేకపోయానే అనుకోవాలి.
దిష్టిబొమ్మను పడగొట్టి గెలిచానంటే
పిట్టలు కూడా నమ్మవు.

ఈ విషయమే ఎందుకిచ్చానో
తరగతికి తెలుసు.
కిటికీ పక్కన మూడో బల్ల మీద
ఒగోలా నిద్రపోతున్నాడు,
చొక్కా చేతుల నిండా కిరసనాయిలు వాసన.
వాణ్ణి దెప్పడానికే రాశాను ఆ వాక్యం.
అప్పుడైతే ఒప్పుకునేదాన్ని కాదు.

శుక్రవారం ముప్పై తొమ్మిది వ్యాసాలొచ్చాయి.
ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లా
అన్నీ వెళ్ళకూడదు, వెళ్ళకూడదు.
ఒగోలాదీ అంతే.
ఆశ్చర్యపోయాను,
రెండో పేరా దాకా.

"ఎదుటివాళ్ళు ఇలా అంటారు:
మా నాన్నకు చీకట్లో వల అంచు ఆనదు.
దీపం పట్టడానికి ఒకడు కావాలి.
కూలివాడికి రాత్రికి మూడు వందల షిల్లింగులు.
మాకొచ్చేది ఐదు వందలు,
కొన్ని రాత్రులు ఏమీ రాదు.
చెల్లి ఫీజు మే నెలలో కట్టాలి.
వెళ్ళొద్దనే వాళ్ళెవరూ
ఆ దీపం ఎవరు పట్టాలో చెప్పడం లేదు.
బహుశా వాళ్ళకు చేప
పళ్ళెంలోనే పరిచయం."

ఎర్ర పెన్నుకు మూత పెట్టేశాను.
ఆ మధ్యాహ్నం నేను తిన్నది ఒమెనానే.

మూడో పేరా మొదట్లో అయినా అని రాసి
కామా పెట్టాడు.
కొట్టేశాడు.
మళ్ళీ అయినా అని రాశాడు.
ఆపైన సగం పేజీ ఖాళీ.

ముగింపు లేని వ్యాసానికి
ఇరవైకి తొమ్మిది మించకూడదని నియమం.
నియమం పెట్టింది నేనే, పందొమ్మిదేళ్ళయింది.
పరీక్షల్లో దిద్దేవాళ్ళూ అంతే ఇస్తారు,
వాళ్ళకు వాడి చొక్కా వాసన తెలీదు.
తొమ్మిదే వేశాను.
వేసి, ఆ రాత్రి ఒడ్డుకు వెళ్ళాను.

నీళ్ళ మీద దీపాలు, లెక్కపెట్టలేనన్ని.
అంతకుముందు వాటిని చూసి
అందం అనుకునేదాన్ని.

సోమవారం బోర్డు మీద ఒక్క మాట రాశాను,
అయినా.
కింద ఖాళీ వదిలాను.
నాకూ తెలీదు, మీరే నింపండి, అన్నాను.
టీచరు నోట ఆ మాట విని
వెనక బెంచీలు కూడా నిటారుగా కూర్చున్నాయి.

"దీపాన్ని పడవ ముక్కుకు కట్టెయ్యొచ్చుగా?" అంది అపోండి.
"గాలొస్తే?" ఒగోలా తల ఎత్తాడు.
"గాలొస్తే మీ నాన్న ఏం చేస్తాడు?"
"నన్ను తిడతాడు."
"తిట్టాక?"
"తెర అడ్డం పెడతాం."
"ఆ తెరకో కర్ర పాతితే నువ్వెందుకు?"
"వల లాగేటప్పుడు పడవ ఎంత ఒరుగుతుందో
నీకు తెలుసా అసలు?"
"తెలీదు. చెప్పు."

లేచి బోర్డు దగ్గరకొచ్చి
వాడు పడవ బొమ్మ గీస్తున్నాడు.
గంట కొట్టారనుకుంటా.

నేను వెళ్ళి మూడో బల్ల దగ్గర,
వాడి చోట కూర్చున్నాను.
ఎండ సరిగ్గా రెప్పల మీద పడుతుంది ఇక్కడ.
ఎవరికైనా నిద్రొస్తుంది.