పది నిమిషాలే

చింతలమోరి దాటాక, సరుగుడు తోపు వెనక
వెల్లకిలా తెరిచిన గంగాళంలా మా డిష్.
కింద నేలంతా ఒండ్రు.
కట్టిన ఏడాదే ఓ మూల వేలెడు కుంగింది.
ఇక్కడ వేలెడు కుంగితే
అక్కడ చూపు గ్రహాలకు గ్రహాలే దాటిపోతుంది.

అది వినాల్సిన గొంతు
మధ్యాహ్నం రెండున్నరకి అక్కడ బయల్దేరితే
రాత్రి తొమ్మిదిన్నరకి మా దగ్గరికొస్తుంది.
వచ్చేసరికి ఎంత నీరసమంటే
దోమ రెక్క చప్పుడు కూడా
దాని ముందు జాతరే.

మా చుట్టూ ఏమో రొయ్యల చెరువులు.
ఏరియేటర్లు నీళ్లు చిలుకుతుంటే
మోటార్ల గరగర మా రిసీవర్లో వరదగోదారి.

అందుకని టార్చి పట్టుకుని గట్టెమ్మట నడిచేవాణ్ణి.
షెడ్డు ముందు కాపలా ఏసోబు
"మళ్లీ వచ్చేడాండీ మీ చుట్టం?" అనేవాడు.
"ఆపుతాను గానండీ, పది నిమిషాలే.
పదకొండోది పడిందంటే రొయ్య తేలిపోద్ది."

స్విచ్చి దించేవాడు.
పద్నాలుగు చక్రాలూ ఒకదాని వెనకొకటి ఆగేవి.
"ఏడోది కుంటిదండీ, ఆలస్యంగా ఆగుద్ది" అనేవాడు.
నురగ విడిపోయి
చెరువులో చుక్కలు కనబడేవి.

స్టేషన్లో ఆ క్షణాన
తెర మీద సన్నటి గీత తల ఎత్తేదట.
నేనెప్పుడూ చూళ్లేదు. గట్టు మీదే ఉండేవాణ్ణి.
నేను చూసింది ఏసోబు పెదాలు.
ఊపిరాడని రొయ్యల తరఫున
నిమిషాలు లెక్కపెట్టేవి.

ఈ వేసవిలో కొత్త రిసీవరు వచ్చింది.
హీలియంతో చల్లబరిచే పెట్టె,
పక్కన మరో నాలుగు చిన్న డిష్‌లు,
వాటన్నిటి మాటా కలిపి చూసే కంప్యూటరు.
చుట్టుపక్కల గోలను ముందు పోల్చుకుని
బియ్యంలో రాళ్లలా ఏరేస్తుంది.
"ఇదిగో సార్, ఇది చెరువు. తీసేశా" అంది ప్రవల్లిక.
గీత నిటారుగా నిలబడింది.
అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.
ఇక ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

అందరూ వెళ్లాక అడిగాను:
"తీసేసిందాన్ని ఓసారి వినిపిస్తావా?"
వింతగా చూసి, హెడ్‌ఫోన్ ఇచ్చింది.

పద్నాలుగు చక్రాలు.
ఏడోది కుంటుతోంది,
మునుపటికన్నా ఎక్కువగా,
ఇనుము ఇనుమును కొరుకుతున్నట్టు.

టార్చి తీసుకున్నాను.
నన్ను చూడగానే ఏసోబు చెయ్యి స్విచ్చి మీదకెళ్లింది.
"పది నిమిషాలేనాండీ?"
"ఆపొద్దు. ఏడోదాని బేరింగు పోతోంది, తెల్లారేసరికి మార్చు."

చక్రం వైపు చూశాడు.
ఆకాశం వైపు చూశాడు.
"మీ చుట్టం చెప్పేడాండీ?"