మూడో పలక వెనక

నగరంపాలెం కోర్టు గోడ పక్కన
నా టైపు మిషనుకి గొడుగంత నీడ.
అందులో సగం తీసుకుని కూర్చున్నాడు
టైల్సు మేస్త్రి నాగుల్‌మీరా,
గోళ్ల సందుల్లో తెల్ల సిమెంటు.

"నోటీసు కొట్టాలమ్మా.
గోరంట్లలో అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు.
రెండు బాత్రూములు, వంటగది, దేవుడి గది.
లక్షా పద్దెనిమిది వేలు రావాలింకా."

పని ఎప్పుడు ముగిసింది?
"మిర్చి యార్డుకి ఎండల సెలవులిచ్చిన వారం."
చట్టానికి ఆ వారం తెలీదు.
దానికి అంకెలు కావాలి,
మూడేళ్ల గడువుకి ఇవతలో అవతలో తేలాలి.

ఒప్పందం కాగితం?
నోటిమాట.
లెక్కలు?
సిగరెట్టు పెట్టె అట్ట మీద రాస్తే
చొక్కాతో పాటు ఉతుక్కుపోయాయి.
మాలు కలిపిన కుర్రాడు ఒంగోలులో ఎక్కడో.

చాలాసేపు గోరు గీక్కున్నాడు.
"దేవుడి గది, కింది వరస, ఎడం నుంచి మూడో పలక.
దాని వెనక పెన్సిలుతో నా పేరూ తేదీ ఉంటాయి.
ఇంటికొకటి రాస్తా. అలవాటు."

మీటల మీద నా వేళ్లు ఆగాయి.
మరింకేం, తీసి చూపించు!

"తీయడం కుదరదమ్మా, పగలగొట్టాలి.
నేను పెట్టింది ఊడిరాదు."

ఆ గొంతులోది బాధనుకున్నాను.
కాదు, గీర.

పలక మాట నోటీసులో రాయలేదు.
తేదీ దగ్గర ఖాళీ వదిలాను,
టైలుకీ టైలుకీ నడుమ
అతను వదిలేంత.

టైపు చార్జీ నలభై.
లేచే ముందే లెక్కపెట్టి ఇచ్చాడు,
చిల్లరతో సహా.