కాటా దగ్గర

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక షెడ్డు.
నలభై మంది, నలభై కుప్పలు, ఒక్కటే కాటా.
కాటా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేను.
ఒళ్లో చిట్టా పుస్తకం, దాని కింద
ఎంటెక్ రెండో సెమిస్టర్ నోట్సు.

ఆదివారాలు లెక్క రాయడానికి వస్తాను,
రోజుకి నాలుగొందలు.
రేపు మస్తాన్‌వలీ సార్ ఇంటర్నల్ పరీక్ష:
బహుళ ప్రాసెసర్లు, ఉమ్మడి మెమరీ,
ఒకరి మాట ఇంకొకరికి చేరడానికి పట్టే కాలం.
పేజీ తిప్పినప్పుడల్లా తుమ్ము.
తేజ రకం మరి. కళ్లు తుడుచుకోకూడదు,
తుడుచుకుంటే సాయంత్రం దాకా చదువు లేనట్టే.

ఆమ్‌డాల్ సూత్రం నాకు బోర్డు మీద అర్థం కాలేదు.
ఇక్కడ, మొదటి నెల్లో, మిట్ట మధ్యాహ్నం
బుట్టలు తలుపు దాకా వరస కట్టినప్పుడు అయింది.
తొడిమలు తీసే చేతులు ఎనభై,
తూచే ముల్లు ఒకటి, రాసే పెన్ను ఒకటి.
"ఏమ్మా, మీ కాలేజీలో అంకెలు ఇంత నిదానంగానే రాస్తారా?"
అంది షంషాద్, బుట్ట నడుముకి ఆనించుకుని.
పనిలో పదోవంతు పంచుకోలేనిదైతే
వెయ్యి మందిని పెట్టినా వేగం పది రెట్లు దాటదు.
ఆ పదోవంతుని నేనే.

ఇంకోసారి,
మేస్త్రి ఫోన్లో ముప్పై ఒకటి,
నా చిట్టాలో ముప్పై,
ఏసమ్మ గోడ మీద బొగ్గుతో గీసుకున్న గీతలు ముప్పై రెండు.
ఒకే విలువకి మూడు నకళ్లు!
ఏది నమ్మాలో తేల్చడానికి పుస్తకంలో నలభై పేజీలున్నాయి.
మేస్త్రి మాత్రం ఫోన్ జేబులో వేసుకున్నాడు.
నేను ముప్పై కొట్టేసి ముప్పై రెండు రాశాను.
గోడ అబద్ధమాడదని నీకెలా తెలుసని
సార్ అడిగితే చెప్పలేను.

ఆరింటికి ట్రాక్టరు. అందరూ ఎక్కితేనే కదులుతుంది.
దాన్ని బారియర్ అంటారు మేం చదివే చదువులో.
అందరికన్నా వెనకున్న మనిషి వేగమే అందరి వేగం.

ఇవాళ వెనకున్నది నాంచారమ్మ.
బొటనవేలికి గుడ్డ చుట్టింది, గుడ్డలోంచి కారం దిగుతోంది.
ఐదున్నరకి కూడా ఆమె ముందు మోకాలెత్తు కుప్ప.
సరిగ్గా ఆ పేజీలోనే ఉన్నాను:
తన పని అయిపోయిన ప్రాసెసర్ ఖాళీగా కూర్చోదు,
పక్కదాని వరసలోంచి, చివరి కొస నుంచి, పని లాక్కుంటుంది.
పుస్తకం దానికి పెట్టిన పేరు, పని దొంగతనం.

తలెత్తాను.
సౌభాగ్యం తన పీట ఇటు జరుపుకుంది.
ఎవరూ పిలవలేదు.
షంషాద్ అటుపక్క చతికిలబడింది. ఆ వెనక ఏసమ్మ,
"తాలుకాయలు ఇటు పడెయ్యవే" అంటూ.
నాంచారమ్మ పైనుంచి తీస్తుంటే
వాళ్లు అడుగు నుంచి, అంచుల నుంచి.
చేతికి చెయ్యి తగల్లేదు, తాళాలూ లేవు.
తీసిన కాయ ప్రతీదీ
నాంచారమ్మ బుట్టలోకే.

ఈ సంగతి పుస్తకంలో లేదు.
దొంగిలించిన వాళ్ల ఖాతాలో ఏమీ చేరలేదు.
లెక్క రాసింది నేనే కదా, నాకు తెలుసు:
నాంచారమ్మ, ఇరవై తొమ్మిది కిలోలు.
సౌభాగ్యం, ఇందాకటిదే.

పొద్దున్న ఆ ప్రశ్న వచ్చింది, ఐదు మార్కులు.
నిర్వచనం రాశాను, బొమ్మ గీశాను.
తగిన ఉదాహరణ ఇమ్మన్నచోట
చాలాసేపు పెన్ను మూత పెట్టి తీశాను.
"బదులు" అని ఒక్క మాట రాసి, కొట్టేసి,
మళ్లీ దాని పైనే రాశాను.

ఆ కాగితం దిద్దుతూ
మస్తాన్‌వలీ సార్
రెండుసార్లు తుమ్మారట.