చిన్న లివరు

తెల్లారగట్ల నాలుగింటికి
నల్లపాడు గేటు దగ్గర జీపాపి
ముందు చక్రాల హబ్బులు బిగించాను.
స్పానరు చల్లగా అరచెయ్యి కొరికింది.
"ఇప్పుడే ఎందుకే కెజియా?" అన్నాడు ఏసోబు మామ.
"తారు మీద నాలుగు చక్రాలూ లాగితే
గేరుబాక్సు పళ్ళు కొరుక్కుంటది.
కొండ కింద బిగిద్దువులే."
మళ్ళీ దిగాను. మళ్ళీ వదులు చేశాను.

మిలిటరీ వేలంలో కొన్న బండి.
బెజవాడ ఆటోనగర్‌లో ఏడు నెలలు పడుకుని
కిందటి బేస్తవారం లేచింది.
ఇరుసు ఒకదానిది, రేడియేటరు ఇంకోదానిది.
పేరు పెడదామన్నాను.
"వద్దు, పేరున్నది ఆగిపోతే బాధేస్తది."

ఇరవై రెండేళ్ళు ఆయన రేషను లారీ నడిపింది మంచు కనుమల్లో.
మన భాషలో అన్నిటికీ ఒకటే మాట,
మిరపాకు మీదున్నదీ మంచే, అద్దం మీద పట్టిందీ మంచే.
ఆయన చెప్పే మంచు పారతో తవ్వేది,
చక్రాలకు గొలుసులు కట్టించుకునేది.
మా పుష్యమాసపు మంచు
ఎండపొడ తగలగానే
అప్పులవాడిలా సందులోకి జారుకునేది.

ఆ తెలుపు చూసీ చూసీ కళ్ళు పోయాయంటాడు.
కాదు, శుక్లాలు అంది డాక్టరు.
ఆ మాటకు అర్థం కూడా తెలుపే కదమ్మా
అని నవ్వొచ్చాడు ఆసుపత్రిలో.

ఫిరంగిపురం దాటాం.
కొండవీడు ఎక్కడుందో కొండకే తెలియాలి.
తారు వదిలి పాత రాతిబాట పట్టేసరికి
హెడ్‌లైట్ల ముందు సున్నం కొట్టిన గోడ.
"లైట్లు ఆర్పు."
"మామా!"
"వెలుగే గోడ. ఆర్పు."

ఆర్పాను.
ఇప్పుడు ఇద్దరం సమానం.

ఆయన తల బయటపెట్టి
చెవితో దారి చూస్తున్నాడు.
"ఎడమ చక్రం కింద రాళ్ళ మోత తగ్గింది,
అంచుకు పోతున్నావు, కుడికి రా.
ఇంకొంచెం.
అదీ, సీతాఫలం కొమ్మ గీరుకుందా? దాన్నే గీరుకుంటూ పో."
చిన్న లివరు ఆయన చేతికే వదిలాను.
నేను క్లచ్చు తొక్కిన క్షణం
అడక్కుండానే లో లోకి లాగాడు.
జీపు గొంతు మారింది,
బరువెత్తేటప్పుడు హమాలీ గొంతు మారినట్టు.

నాలుగో మలుపులో వెనక చక్రం జారింది.
తడిసిన మట్టి, దాని కింద ఇంకా తడి.
నా కాలు దానంతటది లేచింది.
"బ్రేకు తొక్కమాక!"
తొక్కలేదు.
ముందు చక్రాలు ఏదో రాయిని వెతుక్కుని
పట్టుకుని
మమ్మల్ని పైకి గుంజాయి.

చాలాసేపటికి అన్నాడు,
"ఒక్కసారి తొక్కాను, అక్కడ."
ఇంజను మోగుతూనే ఉంది.
పక్క సీట్లో ఎవరున్నారని
నేను అడగలేదు.

ఏడు దాటాక పైన మంచు విడింది.
ఫ్లాస్కులో టీ చల్లారింది, అయినా తాగాం.
కింద పొలాల మధ్య కల్లాలు,
ఆరబోసిన మిరపకాయలు
పట్టాలు పట్టాలుగా.
"ఏం కనబడతంది?"
"ఎరుపు."
"ఊఁ" అన్నాడు.
"అక్కడ పైకెక్కి కిందికి చూస్తే ఏమీ ఉండదు.
ఎక్కిందీ కనపడదు, దిగేదీ కనపడదు."

దిగేటప్పుడు కాలు బ్రేకు మీదికి పోనివ్వలేదు.
ఇంజనే పట్టుకుంది కొండను, నెమ్మదిగా,
పళ్ళ బిగువున.
కింద హబ్బులు తనే వదులు చేశాడు, తడుముకుంటూ.
నేను పక్కన నిలబడి
చెప్పబోయి ఊరుకున్నాను.

పేరేచర్ల దగ్గర లారీల వెనక ఇరుక్కున్నాం.
"ఇందాక ఎరుపన్నావే."
"ఆఁ."
"ఎంత మేర ఉంది?"
"చాలా దూరం మామా."
"మంచు కురిసినంతా?"

నేను కురిసే మంచును ఎన్నడూ చూడలేదు.
హారను కొట్టి
రెండో గేరులోకి తెచ్చాను.