మూడో మనిషి

చలివాగు ఎండినంక ఇసుకల జీపులు దింపుదామనుకున్నం.
ముప్పై ఎనిమిది బండ్లు, ఒక్క ఆదివారం.
రేసు అని మాత్రం రాయొద్దన్నడు
నక్కలగుట్ట ఆఫీసుల ఖలీల్ భాయ్:
"ఆ రెండక్షరాలు కనబడితే చాలు,
మీ బండ్ల పాలసీలన్నీ ముసుగుతన్ని పండుకుంటయి."
కొట్టేసి 'యాత్ర' అని రాసిన.
యాత్రంటే టెంకాయ కొట్టాలె గదన్నా, అన్నడు మెకానిక్కు.
అదీ కొట్టేసిన.

నిరుడు ఇదే ఇసుకల
కూరుకుపోయిన బండిని గుంజుతుంటే
తాడు తెగి కొక్కెం ఎగిరొచ్చింది.
ముర్తుజాకు ముందటి పండ్లు రెండు పోయినయి.
ఇప్పటికీ 'సారూ' అన్నప్పుడల్లా చిన్నగ ఈల వస్తది.
వాడు నవ్వుతడు. నాకు నవ్వు రాదు.

'ఏం జరిగినా పూచీ నాదే' అని
వాడు సంతకం పెట్టిన కాయితం నా దగ్గరున్నది.
హన్మకొండ కోర్టు ముందర జిరాక్సు దుకాణం మెట్ల మీద
నిలబడే చదివింది వకీలు నిర్మలమ్మ.
"ఇది గొడుగు తమ్మీ, గోడ కాదు.
చినుకులకు ఆగుతది.
పాత తాడు మీరే ఇచ్చిండ్రని తేలిందనుకో,
వాగు వాగంతా మీ ఇంట్లకే."

అందుకే ఈసారి తాళ్లన్నీ కొత్తయి.
పరకాల నుంచి అంబులెన్సు, పొద్దుగూకేదాక కిరాయికి.
మంటలార్పే ఎర్ర సిలిండర్ల మీద తారీకులు చూసిన,
రెండింటికి పోయినేడే గడువు తీరింది.
ఇతరులకు నష్టమైతే యాభై లక్షల దాకా పాలసీ.
కట్టింది పందొమ్మిది వేల మూడు వందలు, జీఎస్టీ వేరే.
ఫ్రిజ్జు పైసలవి. ఇంట్ల ఇంకా చెప్పలే.

రాత్రంతా ఫారాలు.
మొదటి పార్టీ మేము. రెండో పార్టీ కంపెనీ.
థర్డ్ పార్టీ కాడ పేరుండదు.
ఎవలకైనా తగలొచ్చు గనుక
ఎవల పేరూ రాయరు.

శనివారం పొద్దుగాల
ముగ్గుపిండితోని దారి గీసుకుంట పోతుంటే
ఓదెలు గొర్లు అడ్డం నిలబడ్డయి.
పత్తిచేను కొసకు పది గజాలు ఆయనయే.
ఒప్పందం చదివి వినిపించిన.
"మొదటాయన నువ్వు. రెండో ఆయన పట్నం కంపెనీ.
మరి ఆ మూడో ఆయన ఎవలు?"
"నువ్వే."

కొద్దిసేపు గొర్లను లెక్కపెట్టిండు,
పెట్టినట్టు చేసిండో.
"నన్నైతే మూడో జాగల నిలబెట్టినవు.
బాయినెక్కడ పెట్టినవు?"

ఏ బాయి?

ఆయన నడిచిండు. ఎనకాల నేను.
తుమ్మలు, వయ్యారిభామ, వాటి నడుమ
ఒడ్డు కూలిన పాత మోటబాయి.
నేను గీసిన తెల్లగీత
దాని నోటికి నాలుగడుగుల దూరంల పోతున్నది.
ఫోన్‌ల మ్యాపుల అదొక పచ్చటి మరక.
రాయి ఏసిండు ఓదెలు.
చప్పుడు ఆలస్యంగ వచ్చింది.
యాభై లక్షలు ఎంత లోతుంటయో
గప్పుడు తెలిసింది.

ఖలీల్ భాయ్‌కి ఫోన్ కొట్టిన.
"బాయికి ప్రీమియం పెరగదు గని,
నువ్వు దారి మారుస్తవా లేదా, అది చెప్పు."

గీతను కాలితోని చెరిపిన. చెప్పంతా తెల్లగైంది.
ఓదెలు నెత్తి మీది ఎర్ర తువ్వాల తీసి
తుమ్మకొమ్మకు కట్టిండు.
"రేపు మాపటికి ఇది నాకు ముట్టాలె.
గది గూడ రాయి."
రాసిన. అన్ని షరతుల కింద, చేతిరాతల,
పదిహేడోది: ఎర్ర తువ్వాల, ఒకటి.

కాయితం నా వీపు మీద పెట్టుకొని
సంతకం మొదలుపెట్టిండు.
గొర్లు చేన్ల పడ్డయి.
'ఓదె' కాడ ఆగిపోయింది.