బొటనవేలంత

పుట్లీబౌలి గల్లీల పొద్దుగాల తొమ్మిదింటికి
ఎండ నా షట్టరు మెట్టు మీదికొచ్చి కూసుంటది.
అప్పటికే యెజ్డీ ట్యాంకు ఒకటి
గోనెసంచి మీద ఒరిగి ఉంది,
పెట్రోలంత వంపేసి, మూతికి గుడ్డలు కుక్కి.

"ఖాళీది గదా అని తక్కువ చూడకు బేటా.
నిండుది మండుతది. ఖాళీది పేలుతది."
మా ఉస్తాద్ మస్తాన్ సాబ్ మాట ఇది.
ఆయనకు ఎడమ కనుబొమ్మ లేకుండె.
ఎట్ల పోయిందని మేమెవ్వరం అడగలే.

బ్రష్షుతోటి రిమూవర్ పూస్త, మందంగ,
ఒక్క దిక్కుకే.
పూసి, పాలిథిన్ కవరు కప్పి, ఊకుంట.
ఈ పనిల సగం పని ఊకుండుడే.
కొత్త పిలగాండ్లకు రానిది గదే,
గీకుడు రెండు దినాలల్ల వస్తది.

చాయ్ సగం అయ్యేసరికి
కవరు కింద చిటపట మొదలైతది.
రంగు ముడతలు పడి, ఉబ్బి,
పాల మీద మీగడ లెక్క లేస్తది.
అప్పుడు పట్టీ పెడితె దానంతట అదే వస్తది,
ఒక్కొక్క యజమాని ఒక్కొక్క పొరలెక్క.

మీద నలుపు. నిరుడు కొన్న పోరనిది.
దాని కింద పసుపు, చౌకగ కొట్టినది,
బ్రష్షు ఎంటికె ఒకటి ఇంక అండ్లనే ఇరికి ఉంది.
పసుపు కింద తెలుపు, తెలుపు మీద సగం పోయిన పేరు,
"ప్ర" దాక కనవడ్డది,
ప్రతాపో, ప్రమీలో, చూస్తుండంగనే కరిగిపాయె.
తెలుపు కింద మెరూన్.
అందరు ఇదే ట్యాంకును తుడిచి తుడిచి
కొత్త బండి అనుకున్నరు.

మెరూన్ లేచినంక
ఎడమ మోకాలు ఆనే కాడ ఒక పాత సొట్ట,
సొట్ట నిండ పుట్టీ,
పుట్టీల ఒక బొటనవేలు ముద్ర.

ఆరకముందే ముట్టుకున్న తొందరగానిది.
గట్ల ముట్టుకుంటె ఉస్తాద్
పట్టీ తిరగేసి వేళ్ల మీద కొడ్తుండె.
గౌస్ తిన్నడు, ఎల్లేష్ తిన్నడు, నేను తిన్న.
ఇది మాత్రం ఆయన రుద్దియ్యలే ఎందుకో.
చూడలేదో, చూసి ఊకున్నడో.

పోయిన నెల కంట్రోలు దుకాణంల
మిషిన్ మీద వేలు పెట్టిన. పడలే.
ఇంకోటి. పడలే.
"పది వేళ్లల్ల నువ్వు యాడ లేవే అన్నా" అన్నడు డీలరు,
లైన్ల ఉన్నోళ్లు నవ్విండ్రు, నేను గూడ నవ్విన.
ముప్పై ఏండ్లు ట్యాంకులను గీకినననుకున్న,
ఆ డబ్బల మందు నన్ను గూడ గీకుకుంట వచ్చింది.
ఆఖర్కి కన్ను చూపిచ్చి బియ్యం తెచ్చుకున్న.

ఇయ్యాల నున్నటి నా వేలు ఆ ముద్ర మీద పెట్టిన.
మొత్తం మూతవడ్డది.
పదకొండో పన్నెండో ఏండ్ల వేలు అది.
గౌస్‌దో, ఎల్లేష్‌దో, నాదో,
అసలు మా దుకాణందో కాదో.
పోల్చి చూద్దమంటె నా కాడ ఏముంది?

గల్లీ చివర బోనాల డప్పు మోగుతుంది.
ఆషాఢం తేమ. ఎక్కువ సేపు చూసుకుంట కూసోరాదు,
బట్టలిప్పిన ఇనుము సిగ్గువడ్డట్టు
గంటల ఎర్రవడతది.
కడిగిన, తుడిచిన, కిరసనాయిలు గుడ్డ తిప్పిన.
ఎనభై నంబరు ఎమ్రీ పేపరు చేతిల పట్టుకొని
చుట్టూత రుద్దుకుంట ఆ సొట్ట దాక వచ్చి
వేలుతోటి తట్టి చూసిన.
పుట్టీ గట్టిగనే ఉంది.
గట్టిగున్నదాన్ని తవ్వద్దు. అది గూడ ఉస్తాద్ మాటనే,
లేదంటె ఇప్పుడు నేను కల్పిచ్చుకున్ననో.

పొద్దూకినంక పోరడు ఫోన్ చేసిండు.
"అన్నా, మొత్తం ఇనుము దాక తీసినవా?"

"తీసిన" అన్న.

బొటనవేలంత అబద్ధం.
దాని మీద రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు కొట్టి,
ఈగ వాలకుండ ఫ్యాను తిప్పి పెట్టి,
షట్టరు సగం దించిన.